కారు నీళ్లలో కందిపప్పు

మా మణిదీప ఎన్‌క్లేవ్‌లో మనుషులు తాగే నీళ్లు కార్లకు ఎప్పుడు పోయాయని ఎవరైనా అడిగితే నేను తేదీతో సహా చెప్పగలను. ఫిబ్రవరి పదకొండు, ఆదివారం, ఉదయం పదిన్నర, క్లబ్ హౌస్ పై అంతస్తు. ఆ తీర్మానం నా చేతి రాతలోనే ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముప్పై మూడేళ్లు పనిచేసి హెడ్ గుమాస్తాగా రిటైరైనవాణ్ని కాబట్టి కాలనీ అసోసియేషన్‌లో మినిట్స్ రాసే పని నాకు అప్పగించారు. రాయడం తప్ప నాకు వేరే అధికారం లేదు. ఆ మాట కూడా మినిట్స్‌లో ఉంది.

మా కాలనీ ఒంగోలు బైపాస్ అవతల ఉంది. అరవై ఇళ్లు. యాభై తొమ్మిది ఇళ్లకు కార్లున్నాయి, అరవయ్యో ఇల్లు మాది. మా ఇంట్లో నాకొక స్కూటరు, మా అమ్మ కోటేశ్వరమ్మకొక చక్రాల కుర్చీ. బోరు నీళ్లు మహా ఉప్పన. సబ్బు నురగ రాదు, బకెట్టు అంచున తెల్లటి పొర కడుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా కందిపప్పు ఉడకదు. అందుకే కాలనీ కట్టిన ఏడాదే తాగునీటి ప్లాంటు ఒకటి పెట్టుకున్నాం. ఇంటికి రోజుకొక కేను. ఆ నీళ్లతో టీ కాచుకుని, పప్పు ఉడికించుకుని, అందరం సుఖంగానే ఉన్నాం.

అప్పుడు మా ప్రెసిడెంటు ఈదర పురుషోత్తం గారు నల్ల కారు కొన్నారు.

పురుషోత్తం గారు నీటిపారుదల శాఖలో సూపరింటెండింగ్ ఇంజనీరుగా చేసి దిగినవారు. ఆయన ఏ విషయమైనా మాట్లాడటం మొదలుపెడితే కాలువ తవ్వినట్టు చివరిదాకా వెళ్తారు. కారు కొన్న మూడో రోజు ఉదయం మస్తాను దాన్ని కడుగుతున్నాడు. మస్తాను యాభై ఏళ్ల మనిషి. కాలనీలో కార్లన్నీ అతనే కడుగుతాడు. ఒక బకెట్టు, ఒక మగ్గు, భుజం మీద ఒక పాత తుండుగుడ్డ, అంతే సరంజామా. కారు మీద నీళ్లు పోయగానే ప్రెసిడెంటు గారు అతన్ని పక్కకు పిలిచి, కారు ఎలా కడగాలో ఇరవై నిమిషాలు బోధించారు. ఈలోగా ఎండకు నీళ్లు ఆరిపోయి, నల్ల కారు నిండా తెల్ల మచ్చలు తేలాయి. ఆ సాయంత్రమే వచ్చిన వియ్యంకుడు కారు చుట్టూ ఒకసారి తిరిగి, సెకండ్ హ్యాండా బావగారూ అని అడిగారు.

మర్నాడు ప్రెసిడెంటు గారు మస్తానును విచారించారు. మస్తాను ఉన్నమాట చెప్పాడు. "నీళ్లు పోసిన ఎంటనే గుడ్డతో తుడిస్తే మచ్చ పడదు సార్. మీరు నన్ను నిలబెట్టి మాట్లాడతా ఉంటిరి, ఆరిపోయినయ్."

శ్రీ మస్తాన్ సాంకేతికేతర అభిప్రాయం వెలిబుచ్చారు అని రాసుకున్నాను.

తర్వాత మూడు రోజులు ప్రెసిడెంటు గారు ఇల్లు కదల్లేదు. ఫోనులో వీడియోలు చూశారు. ఎక్కడో చలిదేశంలో ఒక తెల్లాయన ఇంటి ముందు కారు కడిగి, గుడ్డ అన్నది ముట్టకుండా లోపలికి పోయి కాఫీ తాగి వచ్చేసరికి కారు దానంతటదే ఆరి, అద్దంలా మెరుస్తోందట. రహస్యమంతా నీళ్లలో ఉంది. ఉప్పులన్నీ తీసేసిన నీళ్లతో కడిగితే ఆరిన తర్వాత మిగలడానికి ఏమీ ఉండదు, ఏమీ మిగలకపోతే మచ్చ ఉండదు. ఇందులో తప్పేమీ లేదు. చలిదేశంలో ఆ తెల్లాయన తన ఇంటి పప్పు నీళ్లు తీసి కారుకు పోసుకున్నాడా లేదా అన్నది వీడియోలో చూపించలేదు.

ఫిబ్రవరి పదకొండున సర్వసభ్య సమావేశం జరిగింది. ప్రెసిడెంటు గారి ప్రసంగం నేను మాట పొల్లుపోకుండా రాశాను. "మిత్రులారా, మచ్చ అనేది నీటి దోషం కాదు. అది పరిపాలనా లోపం. ఒక కారు మీద మచ్చ పడిందంటే ఆ కాలనీ యావత్తు వ్యవస్థ మీద పడినట్లే. కావున శూన్య లవణ జలమే మన లక్ష్యం, మన మార్గం, మన గమ్యం."

చప్పట్లు పడ్డాయి. వైస్ ప్రెసిడెంటు చక్రధర్ తెర మీద బొమ్మ వేసి చూపించాడు. తాగునీటి ప్లాంటు నుంచి వచ్చే నీళ్లను ఇక కేన్లలో పట్టకుండా, ఉప్పులను పట్టేసే పూసల్లాంటి రెజిన్ నింపిన రెండు పెద్ద గొట్టాల్లోకి పంపుతారు. ఆ చివర కడిగే షెడ్డులో ధారగా వస్తాయి. నీళ్లలో ఉప్పులెన్ని ఉన్నాయో చెప్పే చిన్న మీటరు ఒకటి తెచ్చాడు. బోరు నీళ్లలో ముంచితే పద్దెనిమిది వందల నలభై చూపించింది. నమూనా సీసాలో ముంచితే సున్నా. సున్నా చూసి అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా రోజుల్లో సున్నాకు బెత్తం దెబ్బలు పడేవి.

మా ఆవిడ భ్రమరాంబ ఆడవాళ్ల వరసలోంచి లేచి, మరి మేం తాగేదేమిటండీ అని అడిగింది. తాగునీటి అవసరాలు తదుపరి దశలో సానుభూతితో పరిశీలింపబడతాయని, అంతవరకు బయటి నుంచి కేన్లు తెప్పించుకోవచ్చని ప్రెసిడెంటు గారు సెలవిచ్చారు. ఆవిడ కూర్చుంటూ నా వైపు చూసిన చూపు మినిట్స్‌లో లేదు. కానీ నాకు గుర్తుంది.

నెల తిరిగేసరికి ప్లాంటు తయారైంది. ప్రారంభోత్సవం నాడు ప్రెసిడెంటు గారి నల్ల కారును షెడ్డులోకి తెచ్చి, కొబ్బరికాయ కొట్టబోయి ఆగిపోయారు. కొబ్బరి నీళ్లు చింది కారు మీద పడితే మచ్చ. కొబ్బరికాయను కారుకు పూర్తి దూరంలో, అంటే క్లబ్ హౌస్ వెనక కొట్టించి, చిప్పలు కవర్లో పెట్టి తెప్పించారు. బొట్టు పెట్టబోయిన పంతులు గారికి కుంకుమ కూడా చుక్కే కదా అని నచ్చజెప్పి, కారు ఫోటోకు పెట్టించారు. సున్నా నీళ్లతో కడిగాక అందరం నిలబడి కారు ఆరేదాకా చూశాం. నిజంగానే ఒక్క మచ్చ లేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

ఇక నిబంధనలు మొదలయ్యాయి. ఒకటో నిబంధన గుడ్డ నిషేధం. గుడ్డతో తుడిస్తే నీటి శాస్త్రాన్ని అవమానించినట్టే. మస్తాను తుండుగుడ్డ స్వాధీనం చేసుకుని, చీటీ అంటించి, స్టోరు రూములో పెట్టారు. అతనికి ప్రక్షాళన సహాయకుడు అని పేరు మార్చి, చేతికి రబ్బరు తొడుగులు ఇచ్చారు. మనిషి చెమటలో ఉప్పుంటుంది కాబట్టి. మార్చి ఎండల్లో తొడుగుల్లోపల మస్తాను చేతులు ఉడికి ముడతలు పడ్డాయి. అంతవరకు మా కాలనీలో బాగా ఉడికినవి అవే.

రెండో నిబంధన కోటా. రిజిస్టరైన ప్రతి వాహనానికి రోజుకు నలభై లీటర్లు. వాహనం అంటే ఏమిటో నిర్వచనం ఉండాలన్నారు. నాలుగు చక్రములు కలిగి, ఒక వ్యక్తిని ఒక చోటి నుండి మరొక చోటికి చేరవేయు సాధనము అని నేనే రాసిచ్చాను. పాత అలవాటు, పకడ్బందీగా రాశాను.

మూడో నిబంధన కేన్ల ఆటో వల్ల వచ్చింది. బయటి నుంచి నీళ్ల కేన్లు తెచ్చే ఆటో గుంటలో ఎగిరి, మూడు చుక్కలు చక్రధర్ కారు బంపరు మీద పడ్డాయి. ఆ సాయంత్రమే బయటి నీళ్లు కాలనీలోకి రాకూడదని తీర్మానం. గేటు దగ్గర వాచ్‌మన్ కొండయ్యకు మీటరు ఇచ్చి కూర్చోబెట్టారు. పిల్లలు స్కూలు నుంచి వస్తే సీసాలు గేటు దగ్గరే ఒంపేయాలి. కొండయ్య పాలలో మీటరు ముంచి, వచ్చిన అంకె చూసి ఈల వేశాడు. పాలు స్వభావరీత్యా తెల్లనివి కనుక మినహాయించడమైనదని అత్యవసర సమావేశంలో రాశాం. కాశీ వెళ్లొచ్చిన ఒక జంట సీలు వేసిన గంగ చెంబు తెచ్చారు. సీలు విప్పకుండా పరీక్షించడం కుదరదు, పరీక్షించకుండా పంపడం కుదరదు. గంగమ్మ ఇప్పటికీ సెక్యూరిటీ గదిలోనే ఉంది. కొండయ్య రోజూ అగరొత్తి వెలిగిస్తున్నాడు.

కార్లున్నవాళ్లకు పెద్ద ఇబ్బంది రాలేదు. కోటాలో సగం కారుకు పోసి, మిగతా సగం, టైర్లకు ఇంటి దగ్గర మరోసారి పోస్తామని చెప్పి బిందెల్లో పట్టుకుపోయేవారు. ఆ టైర్లు ఏ పొయ్యి మీద ఉడుకుతున్నాయో అందరికీ తెలుసు. కాకపోతే ఎవరి కారు నీళ్లు వాళ్లే వాడుకోవాలి. ఇంకొకరికి ఇస్తే అది వాహనేతర మళ్లింపు, కోటా రద్దు. పక్కింటావిడ జాలిపడి రోజూ ఒక సీసా నీళ్లు తోటకూర కట్టల కింద దాచి తెచ్చి ఇచ్చేది. అవి ముగ్గురం గొంతు తడుపుకోవడానికి సరిపోయేవి. పప్పుకు మిగిలేవి కావు.

మా అమ్మకు ఎనభై నాలుగు. పళ్లు లేవు. కట్టుడు పళ్లు స్టీలు గ్లాసులో కాపురం చేస్తుంటాయి, నోట్లో పెట్టుకుంటే చిగుళ్లు కోసుకుపోతాయంటుంది. పదేళ్లుగా ఆవిడ తిండి ఒకటే. మెత్తగా ఉడికిన ముద్దపప్పు, నెయ్యి, అన్నం. రెండు పూటలా అదే. ఇప్పుడు బోరు నీళ్లతో భ్రమరాంబ ఐదు విజిల్స్ పెట్టింది, ఎనిమిది పెట్టింది, పన్నెండు పెట్టింది. పప్పు బద్దలు బద్దలుగా పైకి తేలి మమ్మల్ని చూసేవి. వంటసోడా వేస్తే అమ్మ కడుపు ఊరుకోలేదు. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు చప్పరించి, బద్దలన్నీ ఏరి కంచం అంచున వరసగా పెట్టేది.

"చాల్లే నాయనా, అరగటంలా," అనేది.

అరగకపోవడం కాదని నాకు తెలుసు. ఏప్రిల్ నాటికి ఆవిడ చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నాకు భయం వేసింది. భయం కంటే ఎక్కువ సిగ్గు వేసింది. అమ్మ నోటి దగ్గరి నీళ్లు తీసి కార్లకు పోసిన తీర్మానం కింద ఉన్న చేతి రాత నాది.

ఒకరోజు ఒంగోలులో మా మేనకోడలి ఇంట్లో పప్పు ఉడికించుకుని క్యారియర్‌లో తెచ్చాను. గేటు దగ్గర కొండయ్య క్యారియర్ విప్పించాడు. నీళ్లున్న పదార్థం కాబట్టి మీటరు పెట్టాల్సిందేనన్నాడు. పప్పులో మీటరు పెట్టాడు. మీటరు కాసేపు అంకెలు గబగబా మార్చి, ఆ తర్వాత శాశ్వతంగా నల్లబడింది. కాలనీ ఆస్తికి నష్టం కలిగించినందుకు సభ్యుడు శ్రీ రామకోటయ్యను, అంటే నన్ను, మందలించడమైనదని నేనే రాసుకున్నాను. పప్పు సాక్ష్యంగా సెక్యూరిటీ గదిలో గంగ చెంబు పక్కన పెట్టారు. సాయంత్రానికి పులిసింది.

ఆ మందలింపు రాస్తూ పాత పేజీలు తిరగేస్తుంటే నా నిర్వచనం నా కంటపడింది. నాలుగు చక్రములు కలిగి, ఒక వ్యక్తిని ఒక చోటి నుండి మరొక చోటికి చేరవేయు సాధనము. తలెత్తి చూస్తే ఎదురుగా వరండాలో అమ్మ తన కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. పెద్ద చక్రాలు రెండు, చిన్న చక్రాలు రెండు. నేను లెక్కపెట్టుకున్నాను. రెండోసారి కూడా నాలుగే వచ్చాయి.

దరఖాస్తు పెట్టాను. అసోసియేషన్ గంటన్నర చర్చించింది. ఇంజను లేనిది వాహనం ఎలా అవుతుందని చక్రధర్ అడిగాడు. దానికి ప్రెసిడెంటు గారే జవాబు చెప్పారు. ఇంజను నడవకపోవడం వాహన స్వభావానికి భంగకరం కాదని, కాదంటే కాలనీలో సగం కార్ల కోటా రద్దు చేయాల్సి వస్తుందని. అది నిజమే. మచ్చ పడుతుందన్న భయంతో జనం కార్లు బయటికి తీయడం ఎప్పుడో మానేశారు. పనుల మీద పోయేవాళ్లు గేటు దాకా నడిచి అక్కడ ఆటో ఎక్కుతున్నారు. కొన్ని కార్ల బ్యాటరీలు చచ్చిపోయి, కడిగే షెడ్డు దాకా నలుగురు కలిసి తోసుకొస్తున్నారు. మా కుర్చీకి ఒక్కరు చాలు.

సాంకేతిక తనిఖీకి ముగ్గురు సభ్యులు మా ఇంటికి వచ్చారు. బ్రేకు చూశారు, బాగుంది. హారన్ ఏదని అడిగారు. అప్పుడే అమ్మ దగ్గింది. ధ్వని సూచిక పనిచేస్తున్నది అని రాసుకున్నారు. కుర్చీ వెనక అరవై నంబరు స్టిక్కరు అంటించి వెళ్లారు. అమ్మ మెడ తిప్పి దాన్ని చూసుకుని, "ఏందిరా ఇది, నన్నెక్కడికి పంపిస్తా ఉండారు?" అంది.

కానీ ప్రెసిడెంటు గారు ఒక షరతు పెట్టారు. చక్రధర్ అనుమానం మీద పెట్టిన షరతు అది. అరవయ్యో నంబరు వాహనానికి మంజూరైన నీరు ఇంటికి తీసుకుపోరాదు. షెడ్డులోనే, ప్రక్షాళన సహాయకుని సమక్షంలో, వాహనం మీదనే వినియోగం కావలెను.

ఆ రోజు ఇంటికొచ్చి కూర్చుని, ఇక నావల్ల కాదన్నాను. భ్రమరాంబ ఆ షరతు కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. లోపలికి వెళ్లి కుక్కరు కడిగి, అందులో రెండు గుప్పెళ్లు కందిపప్పు వేసి తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది. "మీ అమ్మగారి ఒళ్లో ఉన్నది కుర్చీ మీద ఉన్నట్టా, కాదా? మీరే కదా దస్తావేజులు చూసినాయన, చెప్పండి," అంది.

దస్తావేజుల ప్రకారం ఉన్నట్టే.

షెడ్డుకు వెళ్లాం. మస్తాను కాగితం ఒకసారి, కుక్కరు ఒకసారి చూశాడు. గొట్టం తిప్పి అరవయ్యో నంబరు వాహనం మీద, అంటే అమ్మ ఒళ్లోని కుక్కరులో, నీళ్లు పట్టాడు. మిగిలిన నీళ్లు చక్రాలకు కొట్టాడు. భ్రమరాంబ చిన్న పొయ్యి తెచ్చుకుంది. షెడ్డు మూలన మూడు విజిల్స్‌కే పప్పు వెన్నలా ఉడికింది. అమ్మ అక్కడే, పురుషోత్తం గారి నల్ల కారుకు ఎదురుగా కూర్చుని, రెండు మార్లు వడ్డించుకుని తిన్నది. కంచం అంచున ఒక్క బద్ద లేదు. నాకు కళ్లు తడిశాయి. పక్కకు తిరిగి గొట్టానికి బిగించిన మరో మీటరు చూస్తున్నట్టు నటించాను. అది సున్నా చూపిస్తోంది.

పది రోజులు అలా గడిచింది. అమ్మ గాజులు మోచేతి నుంచి కాస్త కిందికి దిగాయి. పదకొండో రోజు విజిల్ శబ్దం ప్రెసిడెంటు గారి చెవిన పడింది. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. వాహన ప్రక్షాళన ముసుగులో ఆహార పదార్థములు పాకం చేయుచున్నందున అరవయ్యో నంబరు రిజిస్ట్రేషను ఏల రద్దు చేయరాదో తెలుపవలెను. నోటీసు డ్రాఫ్టు నా చేతే రాయించారు. షీల్డు పోటీ అయిపోయిన మర్నాడు విచారణ అన్నారు. అంటే అమ్మకు ఇంకా నాలుగు రోజుల పప్పు ఉంది.

షీల్డు సంగతి చెప్పాలి. జిల్లా నివాస సముదాయ ప్రోత్సాహక మండలి అని ఒకటుంది. ఆ ఏడాది వాళ్లు పెట్టిన పోటీ, వాహన పారిశుద్ధ్యంలో ఉత్తమ కాలనీ. మా ప్రెసిడెంటు గారు ఆ షీల్డు కోసం క్లబ్ హౌస్ గోడకు ముందే మేకు కొట్టించారు. తనిఖీకి మండలి సంయుక్త సంచాలకులు త్రిపురసుందరి గారు వస్తున్నారు. ఆ ఉదయానికి యాభై తొమ్మిది కార్లనూ కడిగి, ప్రధాన వీధిలో రెండు వరసల్లో ఆరుబయట నిలబెట్టారు.

తొమ్మిదింటికి గాలిదుమ్ము లేచింది. చీమకుర్తి వైపు నుంచి గ్రానైటు దుమ్మంతా ఎత్తుకొచ్చి, దాని వెనకే ఎండాకాలపు వాన, బొట్టుకింత దుమ్ము చొప్పున, పది నిమిషాలు కురిసింది. ఆ వెంటనే ఎండ కాసింది. యాభై తొమ్మిది కార్లకూ అమ్మవారు పోసినట్టయింది. మళ్లీ కడుగుదామంటే గాలికి కరెంటు పోయి ప్లాంటు ఆగిపోయింది.

"గుడ్డ ఇయ్యండి సార్, గంటలో తుడిచేస్తా," అన్నాడు మస్తాను.

ప్రెసిడెంటు గారు నా వైపు చూశారు. నేను పుస్తకం తెరిచి చదివాను. గుడ్డ నిషేధం ఒకటో నిబంధన. దాన్ని సవరించడానికి సర్వసభ్య సమావేశం కావాలి. సర్వసభ్య సమావేశానికి ఏడు రోజుల నోటీసు కావాలి. ఆయన నిట్టూర్చి, నిబంధన నిబంధనే అన్నారు. అప్పుడు మాత్రం ఆయన మీద నాకు జాలి కలిగింది. తను కట్టిన ఆనకట్ట తలుపు తనకే తెరుచుకోని ఇంజనీరులా నిలబడ్డారు.

త్రిపురసుందరి గారు పదకొండింటికి వచ్చారు. ఆవిడ ప్రభుత్వ వాహనం బురదగా ఉందని కొండయ్య గేటు బయటే ఆపేశాడు. చేతిసంచిలో నీళ్ల సీసా ఉంటే ఒంపించాడు. ఆవిడ ఎండలో అర కిలోమీటరు నడిచి, చెమటలు కక్కుతూ వచ్చారు. దాహం అని అడిగితే కాలనీలో తాగునీరు తదుపరి దశలో ఉందని ప్రెసిడెంటు గారు వివరించారు. ఆవిడ కార్ల వరస వెంట నడుస్తూ, ఒక్కో కారు దగ్గర ఆగి, మచ్చలున్నవి, మచ్చలున్నవి అని రాసుకుంటూ పోయారు. యాభై తొమ్మిదిసార్లు అదే మాట.

వరస చివర అరవయ్యో స్థానం ఖాళీగా ఉంది. వాన వస్తే అమ్మను బయటికి తెచ్చే అలవాటు మాకు లేదు. వాన వెలిశాక భ్రమరాంబ అప్పుడే కుర్చీ తోసుకొస్తోంది. దారిలో చక్రాలకు అంటిన బురదను మస్తాను మా గోడ చాటున ఆపి తుడిచాడు. దేనితో అని నేను అడగలేదు. స్టోరు రూము తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది.

అరవయ్యో నంబరు వాహనం తళతళలాడుతూ వరసలో నిలిచింది. త్రిపురసుందరి గారు చుట్టూ తిరిగి చూశారు. కమ్మీ మీద వేలితో రాసి చూసుకున్నారు. మచ్చ లేదు.

"ఇదేమి పద్ధతి?" అని అడిగారు.

పురుషోత్తం గారు ముప్పై ఐదేళ్ల సర్వీసు ఉన్న మనిషి. ఒక్క క్షణం కూడా తడబడలేదు. "ఇది మా పైలట్ ప్రాజెక్టు మేడమ్. మిగతావి నియంత్రిత పరిశీలన నిమిత్తం మచ్చలతో ఉంచబడినవి," అన్నారు.

ఆవిడ అమ్మ వైపు వంగి, ఈ కుర్చీని ఏం చేస్తారమ్మా రోజూ అని అడిగారు. అమ్మ ఒళ్లో కుక్కరు ఉంది. కరెంటు పోకముందే మస్తాను పట్టి ఉంచిన నీళ్లతో అప్పుడే ఉడికించుకుని తెచ్చిన పప్పు.

"పప్పు ఉడకేసుకుంటామమ్మా. మెత్తంగా ఉడికింది. ఎండన పడి వచ్చినట్టుండావు, మొహం పీక్కుపోయింది. నువ్వూ ఓ ముద్ద తిను," అంది అమ్మ.

సంయుక్త సంచాలకులు చుట్టూ చూశారు. యాభై తొమ్మిది మచ్చల కార్లు, వాటి పక్కన నిలబడ్డ మేము. ఆవిడ కళ్లద్దాలు తీసి, అమ్మ పక్కన మెట్టు మీద కూర్చుని, చేయి చాపారు. అమ్మ నెయ్యి వేసి కలిపి ముద్ద పెట్టింది. ఆవిడ ఒకటి కాదు, నాలుగు తిన్నారు. షీల్డు మా కాలనీకి వచ్చింది. కారణం అనే గడిలో, వాహన ప్రక్షాళనలో కుక్కరు ఆధారిత విధానమును ప్రవేశపెట్టినందుకు అని ఉంది.

మర్నాడు విచారణ జరగాల్సిన వేళకు సర్వసభ్య సమావేశానికి నోటీసు ఇచ్చారు, ఏడు రోజులు నిండాక సమావేశం జరిగింది. నా నోటీసు సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రెసిడెంటు గారు షీల్డు మేకుకు తగిలించి, ఉత్తమ విధానమును అందరికీ వర్తింపజేయుట పాలకుల ధర్మమని ప్రసంగించారు. నేను తీర్మానం రాశాను. ఇకపై ప్రతి వాహనము ప్రక్షాళనకు వచ్చునపుడు డ్రైవరు సీటుపై తగు పరిమాణము గల కుక్కరును, అందు కందిపప్పును ఉంచవలెను. మూడు విజిల్స్ రానిదే ప్రక్షాళన పూర్తయినట్లు పరిగణింపబడదు. కుక్కరు లేని వాహనమునకు నీరు లేదు. గుడ్డ నిషేధం యథాతథంగా కొనసాగును.

ఇప్పుడు మా కాలనీలో పొద్దున ఏడింటి నుంచి షెడ్డు దగ్గర విజిల్సే విజిల్సు. అందరి ఇళ్లలో పప్పు ఉడుకుతోంది, బిందెల చాటు బాధ లేదు. చలిదేశం నుంచి ఎవరైనా వచ్చి చూస్తే, కారుకూ కందిపప్పుకూ సంబంధం చెప్పడానికి షీల్డు చూపిస్తాం. ప్రెసిడెంటు గారి నల్ల కారు ఆ మొదటి రోజు నుంచి నాలుగు కిలోమీటర్లు తిరిగింది, అన్నీ షెడ్డుకే.

నిన్న మధ్యాహ్నం అమ్మకు షెడ్డులో అన్నం కలిపి పెట్టాను. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు ఉంచుకుని, నా వైపు చూసింది.

"మెత్తంగానే ఉందిరా. ఉప్పే లేదు," అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. కొండయ్య గేటు దగ్గర ఉన్నాడు. ప్రెసిడెంటు గారు కారు ఆరుతుంటే చూస్తున్నారు. జేబులోంచి పొట్లం తీసి, ఒక చిటికెడు ఉప్పు అమ్మ కంచంలో వేసి, గబగబా కలిపేశాను. ఈ ఒక్క సంగతి మినిట్స్‌లో రాయలేదు.